పాత ఉద్యోగం నేర్పిన చూపుతో మిద్దె తోట: రిటైరయ్యాక మనసుకు పని ఎలా పెట్టాలి

రిటైరైన కొత్తలో కనిపించినవాళ్లందరూ ఒకటే సలహా ఇస్తారు: "రోజూ కాసేపు ధ్యానం చెయ్యండి సార్, మనసు ప్రశాంతంగా ఉంటుంది." సరేనని కళ్లు మూసుకుని కూర్చుంటే రెండు నిమిషాలకే పెన్షన్ ఎరియర్లు, అమ్మాయి ఫోన్ చెయ్యలేదన్న సంగతి, ఎప్పుడో ఆగిపోయిన ఇంక్రిమెంటు అన్నీ వరసకట్టి వస్తాయి. జీవితమంతా కళ్లతో, చేతులతో పనిచేసిన మనిషి ఒక్కసారిగా ఏ పనీ లేకుండా కూర్చోవాలంటే టెన్షన్ పెరుగుతుందే కానీ తగ్గదు.

ధ్యాస నిలపడం మీకు కొత్త విద్యేమీ కాదు. డ్యూటీలో రోజూ చేసిన పనే. దాన్ని ఇప్పుడు దేని మీద పెట్టాలో చూసుకుంటే చాలు. మేడ మీద ఐదారు కుండీలుంటే అందుకు సరిపోతాయి. ఎలా మొదలుపెట్టాలో వరసగా చెబుతాను. కూరగాయల ఖర్చు ఎంత మిగులుతుందని మాత్రం అడక్కండి. మొదటి ఏడాది ఏమీ మిగలదు.

మొదటి పని: ఒక కాగితం, ఒక పెన్ను

మట్టి కొనక ముందే కూర్చుని, మీ ఉద్యోగంలో మీ కళ్లూ చేతులూ ఏం చేసేవో అర పేజీ రాయండి. హోదా వద్దు, సర్వీసు వద్దు, చేసిన పని మాత్రమే. "సీనియర్ అసిస్టెంటుగా పనిచేశాను" అని రాస్తే దాంతో తోటలో పనేమీ లేదు. "రోజుకు వంద బిల్లులు చూసి, కూడికల్లో తేడా పట్టుకునేవాణ్ణి" అని రాస్తే పనికొస్తుంది.

నా సంగతి చెబుతాను. నేను ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో సార్టర్‌ని. రైలుకు తగిలించిన మెయిల్ వ్యాన్‌లో రాత్రంతా నిలబడి ఉత్తరాలు అరల్లో వేసేవాళ్లం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది కాబట్టి 520 అంటే విజయవాడ, 522 అంటే గుంటూరు, 533 అంటే తూర్పుగోదావరి అని చెయ్యి దానంతటదే వెళ్లేది. అయితే పిన్‌కోడ్ రాయని ఉత్తరాలూ ఉండేవి. "కొత్తపేట" అని రాసి జిల్లా వదిలేస్తే ఏ కొత్తపేట అనుకోవాలి? పంపినవాళ్ల ఊరు, తపాలా ముద్ర, చేతిరాత అన్నీ చూసి తేల్చుకోవాలి. ఒకేలా కనిపించేవాటి మధ్య తేడా చూడడమే నా పని. తోటలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది అదే.

మీ కాగితం మీద ఇంకోటి ఉంటుంది. నర్సుగా చేసినవాళ్లకు రౌండ్స్ అలవాటు. ఏ మంచం దగ్గర ఎంతసేపు ఆగాలో వాళ్లకు తెలుసు. టీచరుకు వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్న పిల్లవాడు ముందుగా కనిపిస్తాడు. బస్సు డ్రైవరుకు ఇంజిను శబ్దంలో చిన్న మార్పు వచ్చినా తెలిసిపోతుంది. టైలరు వేళ్లకు గుడ్డ సాగుతుందో లేదో తెలుస్తుంది. లేత కొమ్మ తుంచేటప్పుడు ఆ వేళ్లే కావాలి. "నేను ఉద్యోగం చెయ్యలేదు" అనే ఇల్లాలు ఈ కాగితం మొదట రాయాలి. చేటలో బియ్యం పోసి రాళ్లేరడం, పోపు వాసనను బట్టి స్టవ్ తగ్గించడం, పిండి పులిసిందో లేదో వేలితో చూడడం ఇవన్నీ రాస్తే మాకంటే పెద్ద కాగితమే అవుతుంది.

ఆ కాగితం పారెయ్యకండి. తోటలో మీ చూపు ఎక్కడ పనికొస్తుందో అదే చెబుతుంది.

కుండీలు, మట్టి, బరువు

ఆరు కుండీలకు మించి వద్దు. యూట్యూబ్‌లో నూటయాభై కుండీల మిద్దె తోట చూసి అలాగే మొదలుపెడితే రెండో నెలకి నీళ్లు పోయడమే ఒక డ్యూటీ అయిపోతుంది. ఒక్కో మొక్క దగ్గరా తీరిగ్గా నిలబడగలిగినన్నే పెట్టుకోండి.

పన్నెండంగుళాల గ్రోబ్యాగు (మొక్కలు పెంచే సంచి) తడిసిన మట్టితో పాతిక ముప్పై కిలోలుంటుంది. మనుషులు ఎక్కే డాబాకు మన దేశపు ప్రమాణాల లెక్కలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం చూస్తారు. అందుకని అన్నీ ఒకచోట కుప్పగా కాకుండా పిట్టగోడ వెంట, కింద గోడలూ బీములూ ఉన్నచోట విడివిడిగా పెట్టండి. ఇల్లు పాతదైనా, వానకు స్లాబు చెమ్మగిల్లుతున్నా ముందు ఇంజనీరుకు చూపించండి. సంచుల కింద ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, ఊడవడానికీ వీలుగా ఉంటుంది.

మట్టి మిశ్రమానికి ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి చాలు. చేతులతోనే కలపండి. తడిపిన మట్టిని పిడికిట్లో నొక్కి వదిలితే ఉండలా నిలిచి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. ముద్దగా ఉండిపోతే బంకమట్టి ఎక్కువైనట్టు, అసలు నిలవకపోతే పొట్టు ఎక్కువైనట్టు. పచ్చి పేడ మాత్రం వెయ్యకండి, వేళ్లు మాడిపోతాయి.

ఏ మొక్కలు పెట్టాలి

ఒకే వేగంతో పెరిగే మొక్కలన్నీ పెడితే విసుగొస్తుంది. నాలుగు రకాల వేగాలు ఉండేలా చూసుకోండి.

తొందరకి తోటకూర. చిటికెడు విత్తనం ఇసుకలో కలిపి చల్లితే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరక్కుండానే కూరకొస్తుంది. ఓపిక లేనివాళ్లకి, అంటే మొదట్లో అందరికీ, ఇది తప్పనిసరి.

రోజువారీ పనికి బెండ. నలభై ఐదు రోజులకు కాపు మొదలవుతుంది. పొద్దున పసుపు రంగులో, మధ్యలో ముదురు ఎరుపుతో విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుంది. అక్కణ్ణుంచి ఐదారు రోజులకు కాయ కోతకొస్తుంది. ఇంకో రెండు రోజులు ఆగితే పీచు పడుతుంది. కొస విరిచి చూడండి, టక్కున విరిగితే లేత. బజార్లో అలా విరిస్తే కూరగాయల బండి అతను తిడతాడు, ఇక్కడ అడిగేవాళ్లు లేరు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క అనామిక రకం దొరికితే తీసుకోండి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులును అది కొంత తట్టుకుంటుంది.

సాయంత్రానికి బీర. దీని సంగతి కింద విడిగా చెబుతాను. దీనికి మాత్రం పెద్ద సంచీ, పదిహేను అంగుళాలు దాటినది కావాలి.

ఏళ్ల తరబడి ఉండేది కరివేపాకు. మొదటి ఏడాది కోయకండి. పోపులోకి రెండు రెబ్బలు కావాలని ఇంట్లో అడిగినా సరే.

బెండ, బీర, తోటకూరలకు మృగశిర కార్తె మంచి అదను. జూన్ ఏడు, ఎనిమిది తేదీల్లో వస్తుంది. అంతకు ముందు రోహిణి కార్తె ఎండకు రోళ్లే పగులుతాయంటారు, డాబా మీద లేత మొలకలేం నిలుస్తాయి! టమాటా, మెంతి, కొత్తిమీర చలికాలానికి దాచుకోండి. గోదావరి జిల్లాల వైపు వెళ్లే పనుంటే కడియం నర్సరీల్లో కరివేపాకు మొక్క తెచ్చుకోవచ్చు. అయితే వాటి మధ్య నడుస్తూ ఆరు కుండీల నియమం గుర్తుపెట్టుకోవడం కష్టం.

పొద్దుటి రౌండు

ఇక్కణ్ణుంచే అసలు పని మొదలవుతుంది. పొద్దున లేచాక ఫోను చూడకముందే పైకి వెళ్లండి. మొదటి రౌండు ఉత్తి చేతులతోనే చెయ్యాలి. బకెట్టు, కత్తెర, స్ప్రే ఏదీ తీసుకెళ్లవద్దు. చేతిలో కత్తెర ఉంటే కత్తిరించాలనిపిస్తుంది, స్ప్రే ఉంటే కొట్టాలనిపిస్తుంది. చూడడం మాత్రం జరగదు.

ప్రతి కుండీ దగ్గరా ఒకే వరసలో చూడండి. ముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించండి. పైన పొడిగా ఉన్నా లోపల చల్లగా తగిలితే నీళ్లు అక్కర్లేదు. కుండీల్లో మొక్కలు నీళ్లు లేక చచ్చేదానికంటే మన ప్రేమ ఎక్కువై వేళ్లు కుళ్లి చచ్చేదే ఎక్కువ. తర్వాత కాండం మొదలు, ఆ తర్వాత చిగురు, చివరికి ఆకు అడుగు. ఆకు పైభాగం అందరూ చూస్తారు. పురుగులకు ఆ సంగతి తెలుసు కాబట్టే అవి అడుగునే ఉంటాయి.

ఆకు అడుగున చూపు నిలపడం ఎలాగో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఏడో మొక్కగా ఎవరో ఒకరు చిక్కుడు పాదు పెట్టకుండా ఉండరు కాబట్టి దాని మాటే చెబుతున్నాను. తీగ మీద చీమలు పైకీ కిందికీ బారులు తీరాయంటే ఆగండి. చీమలు చిక్కుడు తినవు. అవి వెళ్లే చోటు వెతికితే లేత కొస చుట్టూ నల్లగా, నువ్వులు అంటించినట్టు పేనుబంక అనే పురుగుల గుంపు కనిపిస్తుంది. అది వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. ఇంకా దగ్గరగా చూడండి. ఆ నల్లటి గుంపు మధ్య నల్లగా, పొడుగ్గా, ఒంటి మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలి ఆకారంలో ఒకటి మెల్లగా కదులుతుంటుంది. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. చాలామంది మొదట నలిపేసేది దాన్నే. అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా గుండ్రంగా ముద్దొచ్చే పెద్ద పురుగుతో దానికి పోలికే ఉండదు. రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేస్తుంది. ఒక చోట నిలబడి ఐదు నిమిషాలు చూస్తే ముందుకాళ్లతో ఒకదాన్ని పట్టుకుని నమలడం కూడా కనిపిస్తుంది.

ఆ పిల్ల పురుగు ఉన్న తీగ మీద మందేదీ కొట్టకండి. లేనిచోట పైపు నీళ్ల ధారతో పేనుబంకను కడిగెయ్యండి. మళ్లీ మళ్లీ వస్తుంటే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ఈ రౌండులో మనసు ఎటుపోయిందో మీకే తెలుస్తుంది. కరివేపాకు దాకా వచ్చాక బెండ దగ్గర ఏం చూశారో గుర్తు రాకపోతే, బెండ దగ్గర మీరు లేనట్టే. నొచ్చుకోనక్కర్లేదు, వెనక్కి వెళ్లి ఇంకోసారి చూడండి.

అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. అందులో తొలి అభ్యాసాల్లో ఒకటి ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పట్టుకుని చూసి, వాసన చూసి, మెల్లగా నమలడం. మనకు ఎండుద్రాక్ష దాకా ఎందుకు! రౌండు చివర ఒక తోటకూర ఆకు తుంచి కడిగి అలాగే నోట్లో వేసుకోండి. మొదట మట్టి వాసన, ఆ తర్వాత కాస్త వగరు తెలుస్తాయి. వండినప్పుడు ఈ రెండూ తెలియవు.

సాయంత్రం బీరపువ్వు దగ్గర

పాదు పెట్టిన కొత్తలో బీరకు అన్నీ మగపూలే వస్తాయి, వారం పదిరోజులు అలాగే ఉంటుంది. "పూత వస్తోంది, కాయ రావడం లేదు" అని అందరూ కంగారుపడేది ఇక్కడే. మగపూలు గుత్తిగా, ఉత్తి తొడిమ మీద ఉంటాయి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, రేకుల కింద చిటికెన వేలంత బుల్లి బీరకాయ అప్పటికే ఉంటుంది.

బీర, సొర సాయంత్రం పూస్తాయి. గుమ్మడి, కాకర పొద్దున్నే. ఊళ్లో మధ్యలో ఉన్న డాబాల మీదికి ఆ వేళకు తేనెటీగలు వస్తాయన్న నమ్మకం లేదు. అందుకని ఐదున్నర, ఆరు మధ్యలో మీరే వెళ్లాలి. విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోసి, రేకులు వెనక్కి వంచి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెత్తగా తాకించండి. గట్టిగా రుద్దకండి. చేతివేలికి పసుపు రంగు పొడి అంటితే పుప్పొడి పండినట్టే. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. అంటుకుంటే మూడు నాలుగు రోజుల్లో పిందె సాగుతుంది. లేకపోతే పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. రాలినదాని కోసం సాయంత్రమంతా కూర్చోకండి, పక్క కణుపులో ఇంకోటి ఉంటుంది.

ఈ పనికి పట్టేది ఐదు నిమిషాలే. కానీ ఆ ఐదు నిమిషాలూ టీవీ సీరియల్ గురించి ఆలోచిస్తూ చెయ్యడం కుదరదు, పువ్వు చేతిలో చిరిగిపోతుంది.

పాత సంగతులు పైకొచ్చినప్పుడు

మట్టిలో చెయ్యి పెట్టగానే మనసు ఆఫీసుకు వెళుతుంది. ఇది అందరికీ జరుగుతుంది, తోటపని పుస్తకాల్లో మాత్రం ఉండదు. కలుపు తీస్తున్నప్పుడు మరీ ఎక్కువ. చెయ్యి ఒకే కదలికలో ఉంటుంది కదా, ఎప్పటి మాటో వచ్చి కూర్చుంటుంది. జూనియర్‌కి ప్రమోషన్ ఇచ్చిన ఏడాది, పిల్లల పరీక్షల ముందు వచ్చిన ట్రాన్స్‌ఫర్, అందరి ముందూ ఒక ఆఫీసరు అన్న మాట. నాకూ అలాంటివి ఉన్నాయి.

వాటిని తరిమెయ్యాలని చూడకండి. నేను చేసేది ఇది: వచ్చిన సంగతికి మనసులోనే ఒక్క పేరు పెడతాను. "ట్రాన్స్‌ఫర్." అంతే. కథ మొత్తం చెప్పుకోను. చేతిలో ఉన్న గడ్డిమొక్కను మొదటి దగ్గర పట్టుకుని, వేరుతో సహా వచ్చేదాకా నిదానంగా లాగుతాను. విసురుగా లాగితే పైన తెగుతుంది, వేరు ఉండిపోతుంది. వేరు జారి వస్తున్నప్పుడు వేళ్లకు తెలుస్తుంది. అలా రెండు మూడు గడ్డిమొక్కలు అయ్యేసరికి ఆ సంగతి పలచబడుతుంది. పోదు, పలచబడుతుంది.

అదే సంగతి రోజూ వస్తుంటే కాగితం మీద పెట్టండి. మీకు జరిగిన అన్యాయం ఒక వైపు, ఆ రోజుల్లో మీరు బాగా చేసిన పని ఇంకో వైపు. రెండో వైపు రాయడానికి చాలామంది వెనకాడతారు, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని. రాయండి, ఎవరూ చదవరు. వరద రోజుల్లో బండి ఆగిపోయి, తడిసిన సంచుల్లోంచి ఉత్తరాలు తీసి ఆరబెట్టి పంపించిన రాత్రి నా కాగితంలో రెండో వైపు ఉంది.

నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే తోట మీద వదిలెయ్యకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, తెలుగులో కూడా.

తోటకు ఒక రిజిస్టరు

పాత డైరీ చాలు. మూడు గళ్లు గియ్యండి: తేదీ, చూసింది, చేసింది. "చూసింది" గడి నిండకుండా "చేసింది" గడి రాయకూడదు, ఇదొక్కటే నియమం. "బెండ బాగుంది" అని రాయకండి. "బెండ రెండో కుండీ, కింద నుంచి మూడో ఆకు, ఒక ఈనెకూ ఇంకో ఈనెకూ మధ్య పసుపు" అని రాయండి. ఆఫీసులో నోట్ ఫైలు రాసినవాళ్లకు ఇది నేర్పనక్కర్లేదు. పై అధికారి సంతకం పెట్టడన్న ఒక్క తేడా తప్ప అంతా ఒకటే. ఏం రాయాలో తోచని రోజు "మబ్బు" అని రాసి మూసెయ్యండి.

ఉద్యోగం నుంచి తోటలోకి తేకూడనివి

టార్గెట్లు తేకండి. నాటు చిక్కుడు చలి మొదలైతే గానీ పూయదు. ఎరువు పెంచినా, నీళ్లు పెంచినా పగటి పొద్దు తగ్గేదాకా తీగ తీగలాగే ఉంటుంది. సెక్షన్‌లో ఆలస్యానికి మెమో ఇచ్చేవాళ్లం, చిక్కుడుకు ఎవరిస్తారు? అది పూసేదాకా రోజూ వెళ్లి చూసి రావడమే.

పోలికలు కూడా వద్దు. పక్కింటి పిన్నిగారి డాబా మీద సొరకాయలు వేలాడుతుంటే మనకు కడుపులో ఏదో అవుతుంది. వెళ్లి ఏ విత్తనమో అడగండి. అడిగితే చాలు, రెండు కాయలు కూడా ఇచ్చి పంపిస్తారు.

మనుషులకు పని పురమాయించే అలవాటును కూడా కిందే వదిలి రండి. "మనవడా, ఆ పైపు పట్రా" అని కేకలేస్తే మనవడు రెండో రోజు నుంచి మేడెక్కడు. వాడి చేతికి భూతద్దం ఇచ్చి ఆకు అడుగు చూడమనండి, పైపు వాడే తెస్తాడు.

ఒళ్లు జాగ్రత్త

మోకాళ్ల నొప్పులుంటే చిన్న పీట వేసుకోండి, వంగి ఎక్కువసేపు ఉండకండి. వేసవిలో పొద్దున ఏడున్నర దాటాక డాబా మీద పనిపెట్టుకోవద్దు. నీళ్ల బకెట్టుతో మెట్లెక్కే బదులు పైనే కుళాయి పెట్టించుకోండి, అన్ని ఖర్చుల్లో అదే మంచి ఖర్చు. కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబొయ్యండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం పదిరోజులు చాలు. మున్సిపాలిటీవాళ్లు శుక్రవారం డ్రై డే అంటారు కదా, అదే రోజు పెట్టుకుంటే మరిచిపోరు.

కాపు అయిపోయాక

సీజను చివర్లో ఒక బెండకాయను కోయకుండా చెట్టుకే వదిలెయ్యండి. హైబ్రిడ్ కాని రకమైతేనే. ముదిరి, ఎండి, గోధుమరంగు తిరిగి, గాలికి గలగలమంటుంది. కొస పగలకముందే కోసి, నీడలో ఇంకో వారం ఆరబెట్టి, గింజలు వలిచి, కొంచెం బూడిద కలిపి కాగితం కవరులో వెయ్యండి. కవరు మీద రకం పేరు, కోసిన నెల, ఏ కుండీలోదో రాయండి. ఎండిపోయిన మొక్కను వేరుతో పీకి ముక్కలు చేసి, తెగులు లేకపోతేనే కంపోస్టులో వెయ్యండి. ఆ సంచిలోని మట్టిని డాబా మీద పట్టా పరిచి నాలుగు రోజులు ఎండబెట్టి, సగం వంతు కొత్త ఎరువు కలిపి మళ్లీ నింపండి. బెండ పెరిగిన మట్టిలో వెంటనే బెండే వెయ్యకుండా ఈసారి మెంతికూర చల్లండి. బెండ గింజలు ఎక్కువుంటే వాచ్‌మన్‌కో, కింది ఫ్లాటు వాళ్లకో ఓ పది ఇవ్వండి. జూన్‌లో ఎప్పుడు నాటాలో కూడా కవరు మీదే రాసిస్తే, వాళ్లు మళ్లీ మిమ్మల్ని అడగడానికి రానక్కర్లేదు. వచ్చినా మంచిదే.